చిన్న ట్రాకే నిలబెడుతుంది



కార్ల పందేలు కోటీశ్వరుల సరదా, వాటికి సర్కారు పైసా పెట్టకూడదన్న మీ పత్రికలో వచ్చిన పాఠకుడి లేఖలో సగం నిజముంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ప్రభుత్వం మారాక 2024 పందెం రద్దయింది, నిర్వాహకులకు కట్టిన సొమ్ము మీద ఏసీబీ కేసూ పడింది. ఒక సంతకంతో వచ్చిన పోటీ ఇంకో సంతకంతో పోయింది. గ్రేటర్ నోయిడా ఫార్ములా వన్ కూడా 2011 నుంచి 2013 దాకా మూడేళ్లే నడిచింది.

అంతమాత్రాన ఆటనే వదిలేయమనడం సబబు కాదు. కోయంబత్తూరు చూడండి. మారుతి కారు ఇంజిన్‌తో ఫార్ములా మారుతి బండ్లు తయారుచేసిన కరివర్ధన్ పేరిట అక్కడున్న ట్రాక్ చుట్టుకొలత రెండు కిలోమీటర్ల పైచిలుకే. దాని మీద ఉరికే ఎల్‌జీబీ ఫార్ములా 4 బండిలో ఉన్నది మామూలు స్విఫ్ట్ ఇంజిన్, వీధి చివరి మెకానిక్‌కి తెలిసిన సరుకు. చిన్న ట్రాక్‌కి జనం రారంటారు. మొదట్లో రారు, ఒప్పుకుంటాను. కానీ నగరం రోడ్లు మూసి, కాంక్రీట్ దిమ్మెలు పేర్చి, మళ్లీ తీసే ఖర్చు తిరిగిరాదు. సొంత ట్రాక్ మిగతా రోజుల్లో శిక్షణకీ, టైర్ల పరీక్షకీ అద్దెకు పోతుంది. విదేశీ పందేలకు ఫీజులు కట్టే బదులు తెలుగు ప్రభుత్వాలు అలాంటి ట్రాక్ ఒక్కదానికి స్థలం ఇవ్వాలని నా విన్నపం.

— ఒక పాఠకుడు, సాలువా, ఖరగ్‌పూర్