గృహిణీ గోష్ఠి: చేరియు చేరని యుత్తరము



తపాలాశాఖవారి మర్యాద యొకటి మనకందరకును తెలిసినదే. చిరునామా తప్పైనను, ఆ యింటివారు ఊరు విడిచి పోయినను, కారణము వ్రాసి యుత్తరమును పంపినవారికే త్రిప్పి పంపుదురు. తమ యుత్తరము చేరినదో లేదో తెలిసికొనుట వ్రాసినవారి హక్కుగా నెంచుట వలననే ఆ పద్ధతి యేర్పడినది. నేడు మన చేతి ఫోనులలోనికి వచ్చుచున్న ఈమెయిలునకు ఆ మర్యాద సగమే దక్కినది. ఉత్తరము మన యింటికి వచ్చును; గుమ్మము దాటి లోనికిని వచ్చును; వచ్చి యొక మూలగదిలో పడి యుండును. ఆ సంగతి పంపినవారికి తెలియదు, మనకును తెలియదు. ఈ నెల ఆ మూలగదిని గూర్చి ముచ్చటింపదలచితిని.

మా ఎడ్లపాడులో నొక బాలిక ఇంటరు చదువు ముగించి, ఒక చిన్న ధర్మసంస్థవారి విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టుకొన్నది. ఆ సంస్థవారు పెద్ద కంపెనీల తపాలాను ఆశ్రయింపక, తమ సొంత పేరుతో తమ సొంత సర్వరు పైననే ఈమెయిలు నడపుకొనువారు. పదునైదు దినములలో ధ్రువపత్రములు పంపుమని వారు బాలికకు వ్రాసిరి. ఆ యుత్తరము ఆమె ఫోనులో ‘స్పాము’ అను సంచిలో పడినది. గడువు దాటిన పిదప వేరొక పనిమీద ఆ సంచి తెరచినప్పుడు గాని యామె దానిని చూడలేదు. ఈ పిల్లకు శ్రద్ధ లేదని వారును, తన్ను వారు కాదనిరని ఈమెయు అప్పటికే నిశ్చయించుకొని యుండిరి. ఆ సహాయము మరియొకరికి పోయినది. ఆ పదునైదు దినములును ఉత్తరము బాలిక చేతిలోనే యుండినది!

ఇట్లేల జరిగెనో తెలియవలెనన్న కొంచెము వెనుకకు పోవలయును. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు తొలిసారి ఉత్తరము పంపెను. 1982లో జోనథన్ పోస్టెల్ అను పండితుడు ఉత్తరములు చేరవేయు నియమములను వ్రాసి ప్రకటించెను. అవియే కొన్ని చేర్పులతో నేటికిని నడచుచున్నవి. వాని స్వభావము మన పల్లెటూరి యరుగు వంటిది. ఎవరైనను వచ్చి కూర్చుండవచ్చును. ఒక కంప్యూటరును, ఒక పేరును గలవారెవరైనను తమ సొంత తపాలాకచ్చేరిని తెరచుకొనవచ్చును. దానినే మెయిలు సర్వరు అందురు. అందుకు ఎవరి యనుమతియు నక్కరలేకుండెను.

అరుగు అందరిదైనప్పుడు అల్లరివారును వత్తురు గదా. ఆ నియమములు వెలువడుటకు ముందే, 1978లో, గారీ థ్యూర్క్ అను విక్రయోద్యోగి తన కంపెనీ యంత్రముల ప్రకటనను, అడుగని కొన్నివందల మందికి ఒక్కమారుగా పంపెను. నాడు మొదలైన చెత్త నేడు ఏరులై పారుచున్నది. 2023లో లోకమునందలి ఈమెయిలులో నూటికి 45 పాళ్లకు పైగా ఇట్టి చెత్తయేనని కాస్పర్‌స్కీ సంస్థవారు లెక్కగట్టిరి. అందు వట్టి ప్రకటనలే గాక, బ్యాంకు పేరు పెట్టుకొని రహస్యసంఖ్యలు లాగు ఉత్తరములును, లాటరీ తగిలినదని సొమ్ము కాజేయు ఉత్తరములును కలవు. కావున గూగుల్, యాహూ, మైక్రోసాఫ్టు వంటి పెద్ద కంపెనీలవారు గుమ్మముకడ కావలి పెట్టుట తప్పు గాదు. కావలి లేనిచో మన యిండ్లు నిలువవు.

ఆ కావలి యెట్టిదో చూడుడు. మన మండలములోనే కొండవీటి దుర్గమున్నది. రెడ్డిరాజుల నాడు ఆ కోటవాకిట ఒక క్రొత్తవాడు వచ్చి నిలిచెననుకొందము. కావలివారు మూడు ప్రశ్నలడుగుదురు: నిన్ను పంపినవారు తమ మనుష్యుల జాబితాలో నీ పేరు వ్రాసిరా? వారి ముద్ర చెదరక యున్నదా? ఆ రెండును సరిపడనిచో నిన్నేమి చేయుమని వారి యాజ్ఞ? ఈ మూడింటికిని నేడు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను పేర్లు. పెద్దమొత్తముగా ఉత్తరములు పంపువారు మూడింటిని, తక్కినవారు మొదటి రెండింటిలో ఒకదానినైనను పాటింపవలెనని గూగుల్, యాహూ కంపెనీలు 2024 ఫిబ్రవరి నుండి కట్టడి చేసినవి. ఇంతవరకు న్యాయమే. శ్రద్ధగల చిన్నవారు ఒకటి రెండు దినములు కూర్చుండి ఇవి యన్నియు అమర్చుకొనగలరు.

చిక్కంతయు నాలుగవ ప్రశ్నతో వచ్చినది: నీ పేరు మేము ముందు వినియున్నామా?

మిరపకు పేరుపడిన సీమ మనది. వంకాయలపాడున సుగంధద్రవ్యముల పార్కే యున్నది. ఇచ్చటి సోదరి యొకతె కారమును, పచ్చళ్లను అమ్ముటకు సొంత పేరుతో చిన్న సర్వరు పెట్టుకొన్నదనుకొందము. దినమునకు ఇరువది ఉత్తరములకంటె పంపదు. లక్షలకొలది ఉత్తరములు పంపు కంపెనీ మంచిచెడ్డలు కావలివారికి తెలియును. ఇరువది పంపు నీమెను గూర్చి వారికేమియు తెలియదు. తెలియనివారిని అనుమానించుట వారి యలవాటు. పేరు రావలెనన్న ఉత్తరములు చేరవలెను. ఉత్తరములు చేరవలెనన్న పేరుండవలెను. పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదురదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదురదు అను సామెత ఇచ్చట ముమ్మాటికిని నిజము.

అంతేకాదు. చిన్న సర్వరులు సాధారణముగా పెద్ద భవనములలో అద్దె గదుల వంటివి. ప్రతి గదికిని ఒక సంఖ్య యుండును. ఆ గదిలో ముందుండినవాడు చెత్త పంపియుండినను, ప్రక్కగదివాడు నేడు పంపుచున్నను, ఆ వరుస సంఖ్యలన్నిటిని కలిపి నిషేధించుట కలదు. ఇట్టి సంఖ్యల పట్టికలను సిద్ధపరచువారిలో 1998లో లండనులో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్థాపించిన స్పామ్‌హాస్ పేరెన్నికగన్నది. పట్టికల వలన మేలు కలిగిన మాట సత్యము. కాని తాటిచెట్టు క్రింద పాలు త్రాగినవానిని కల్లు త్రాగెనని దండించినట్లు నిర్దోషులును అందు పడుచున్నారు.

త్రోసివేయుటలోను రెండు తెరంగులున్నవి. కొన్ని యుత్తరములను గుమ్మముకడనే ఆపి, కారణముతో త్రిప్పి పంపుదురు. అది కొంత నయము. పంపినవారు వేరుదారి వెదకుకొందురు. కొన్నిటిని ‘స్వీకరించితిమి’ అని చెప్పి లోనికి తీసికొని, స్పాము సంచిలో పడవైతురు. అప్పుడు పంపినవారి లెక్కలో ఉత్తరము చేరినట్లే. మా బాలికకు జరిగినది ఇదియే.

ఈ పోరులో విసిగినవారు పెక్కుమంది. ఇరువదిమూడు సంవత్సరములు తన ఈమెయిలును తానే నడపుకొన్న కార్లోస్ ఫెనొల్లోసా అను స్పెయినుదేశస్థుడు, అన్ని నియమములను పాటించినను తన యుత్తరములు చేరుటలేదని విసిగి, 2022 సెప్టెంబరులో ఆ ప్రయత్నము విడిచిపెట్టితినని బహిరంగముగా వ్రాసెను. ఇట్లు ఒక్కొక్కరే పెద్దయింట గది పుచ్చుకొనుచుండిన, తుదకు ఊరిలో పెద్దయిండ్లే మిగులును. ఆ యిండ్లవారు తలుపు మూసికొన్ననాడు మన గతి యేమి? తెలుగు సాహిత్య చర్చలకు పేరుపొందిన రచ్చబండ వంటి సమూహములకు చోటిచ్చిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15వ తేదీన మూతపడినవి. మూయవద్దనుటకు అందు కూర్చున్నవారికి అధికారము లేకపోయినది.

ఇందు మనవంటి గృహిణులు చేయగలదేమి యని యడుగుదురేమో. కావలివాడు తీర్పు చెప్పునది చాలవరకు మన వ్రేలిని చూచియే! ‘స్పాము’ అని మనము నొక్కిన ప్రతి నొక్కును పంపినవారిపై నొక ఫిర్యాదు. అట్టి ఫిర్యాదులు వేయి యుత్తరములకు మూడింటికి చేరకుండ చూచుకొనవలెనని గూగులువారి నియమము. మనమే కోరి పేరు నమోదు చేసికొన్న యొక చిన్న పత్రిక ఉత్తరము ఇక అక్కరలేదని తోచినప్పుడు, తీరిక లేక స్పాము నొక్కుదుము. అది వారి పేరునకు మచ్చ. ఉత్తరము అడుగున ‘ఇక పంపవద్దు’ అను మాట యుండును. తెలిసినవారి యుత్తరమైనచో దానిని నొక్కుట ధర్మము. ముక్కుమొగము తెలియనివారి యుత్తరమైనచో దేనిని నొక్కవద్దు. స్పాము అనియే చెప్పుడు.

వారమున కొకదినము, బియ్యము చెరిగికొనునట్లు, స్పాము సంచిని తెరచి చూడుడు. జీమెయిలులో పైన ఎడమ ప్రక్కనున్న మూడు గీతలను తాకినచో ఆ సంచి కనబడును. అందు పడినవి 30 దినములకు వానంతట నవియే నశించును గనుక నెలకొకమారు చూచినను చాలదు. పిల్లల బడి, కళాశాల, ఉద్యోగము, ఆసుపత్రి, దరఖాస్తులు వీనికి సంబంధించినవి యున్నచో ‘స్పాము కాదు’ అని నొక్కి, పంపినవారి చిరునామాను మీ పట్టికలో చేర్చుకొని, ‘అందినది’ అని ఒక్క ముక్క జవాబు వ్రాయుడు. ఆ చిన్నవారికి మీరిచ్చు యోగ్యతాపత్రమే యది. ఒక్క జాగ్రత్త: సంచిలో కనబడినదెల్ల మంచిది గాదు. సొమ్మునుగాని రహస్యసంఖ్యనుగాని అడుగు ఉత్తరమును ముట్టవద్దు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయుడు.

పొదుపు సంఘములును, చిన్న వ్యాపారములును నడపు సోదరీమణులకు మరియొక మాట. మీ సొంత పేరును విడువకుడు. సర్వరు నడపుట భారమైనచో చేరవేయు పనిని వేరొకరికి అప్పగింపవచ్చును గాని, చిరునామాలోని పేరు మీదిగానే యుండవలెను. నాడు వారిని విడిచి మరియొకరిని పెట్టుకొన్నను మీ ఖాతాదారులు మిమ్ములను విడువరు. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు సమాధానములు అమర్చినారో లేదో పని చేసిపెట్టినవారిని నిలదీసి యడుగుడు. అడుగనివారికి ప్రకటనలు పంపకుడు. గడువుగల ముఖ్యమైన యుత్తరము వ్రాసినప్పుడు, వ్రాసితిమని ఫోనులో ఒక్కమాట చెప్పుడు. ఆ బాలికకు ఎవరైనను అట్టి యొక్క ఫోను చేసియుండినచో ఆమె చదువు ఖర్చు గడచియుండెడిది.

ఈ పత్రికను క్రింద పెట్టకముందే మీ స్పాము సంచిని ఒక్కమారు తెరచి చూడుడు.