నవ్వు ఎవరిది? దెబ్బ ఎవరిది?

కొన్నాళ్ల కిందట తిరుపతిలో ఒక కౌన్సెలింగ్‌కు చేతికి పుత్తూరు కట్టుతో ఒకామె వచ్చింది. భర్త తోసేస్తే ఎముక విరిగింది. వెంట వచ్చిన ఆమె బావగారు నవ్వుతూ, "మావోడు ఇంట్లో నోరెత్తడు మేడం, 'అంతేగా, అంతేగా' అంటా బతికేస్తుంటాడు" అన్నాడు. గదిలో ఉన్న మగవాళ్లంతా నవ్వారు. ఆమె తల దించుకుంది.

ఆ మాట 2019లో వచ్చిన 'ఎఫ్2' సినిమాది. పెళ్లాల చేతిలో నలిగిపోయే భర్తలు అందులో కథానాయకులు. మన హాస్యచిత్రాల్లో మీసం మెలేసే వీరుడు పోయి ఓడిపోయే మామూలు మనిషి వచ్చాడని కొందరు సంతోషిస్తున్నారు. మగవాడి రూపం మారిన మాట నిజమే. మరి అధికారం చేతులు మారిందా?

1990ల మొదట్లో ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన 'జంబలకిడి పంబ'లో ఒక మందు ప్రభావంతో ఆడవాళ్లు మగవాళ్లలా, మగవాళ్లు ఆడవాళ్లలా తయారవుతారు. మనం రోజూ చేసే చాకిరీ, పడే వేధింపులు మగవాడి మీదికి వచ్చేసరికి హాలంతా నవ్వింది. ఆ చాకిరీ అన్యాయమని ఎంతమందికి తోచింది? మగవాడికి తగని పని అనే కదా ఆ నవ్వు! సరిగ్గా ఆ రోజుల్లోనే మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. తాగుబోతు భర్త మనకు ఉద్యమమయ్యాడు, సినిమాకు మాత్రం హాస్యపాత్రగానే మిగిలాడు.

'ఎఫ్2' నాటికి మగవాడు బాధితుడి వేషం వేశాడు. ఈ వేషం హాలు దాటి పంచాయితీల్లోకి వచ్చింది. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరే స్త్రీని గయ్యాళిగా నిలబెట్టడానికి పనికొస్తోంది.

అన్ని సినిమాలనూ ఒకే గాటన కట్టలేం. 2016లో తరుణ్ భాస్కర్ తీసిన 'పెళ్ళిచూపులు'లో కథానాయకుడికి వంటంటే ప్రాణం. అతను గరిటె పట్టడం వెకిలి హాస్యం కాలేదు. ఆమె వ్యాపారం చేయాలనుకోవడం గయ్యాళితనం కాలేదు. అతని సోమరితనమే నవ్వులపాలైంది. అలాంటి నవ్వును మనమూ కోరుకుంటాం.

"నవ్వుకోవడానిక్కూడా స్త్రీవాదమేనా?" అని మనల్ని అడుగుతారు. నవ్వుదాం, తప్పు లేదు. ఆ నవ్వుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో మాత్రం చూడాలి. సంఘాల సమావేశాల్లో ఒక్కో సినిమాను తీసుకుని ఈ ప్రశ్నే చర్చించాలి.

ఆ రోజు నేను బావగారిని ఒక్కటే అడిగాను: "కట్టు ఎవరి చేతికి ఉందండీ?"

గదిలో నవ్వు ఆగిపోయింది.