అద్దె ఇంటి వృద్ధులకు కాగితమే దిక్కు

హిందూపురం: ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్న వృద్ధులను ఉన్నపళంగా ఖాళీ చేయమంటే వారికున్న హక్కేమిటి? శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ ప్రశ్నకు సమాధానం ఒకప్పుడు ఊరిని బట్టి ఉండేది. ఇప్పుడు చేతిలోని కాగితాన్ని బట్టి ఉంటోంది. వయసుకు మాత్రం నాడూ నేడూ లెక్క లేదు.

ఊరికో న్యాయం

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పురపాలక సంఘాలకే వర్తించేది. హిందూపురం, ధర్మవరం పట్టణాల్లో గడువు ముగిసిందన్న ఒక్క సాకుతో అద్దెదారును పంపే వీలుండేది కాదు. ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వడం, యజమానికి సొంత అవసరం వంటి కారణాలను అద్దె నియంత్రణాధికారి ఎదుట రుజువు చేయాల్సి వచ్చేది. 2021 నవంబరులో తొలి నగర పంచాయతీ ఎన్నికలు జరిగిన పెనుకొండ అంతకుముందు దశాబ్దాల పాటు గ్రామ పంచాయతీయే. అక్కడి నెలవారీ అద్దెదారుకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దక్కేది పదిహేను రోజుల నోటీసు మాత్రమే.

పట్టణాల్లోనూ ఆ రక్షణ క్రమంగా పలచబడింది. 2005 సవరణతో నగరపాలక సంస్థలు కాని చోట్ల అద్దె రూ.2 వేలు దాటిన భవనాలు, కట్టి 15 ఏళ్లు నిండనివి చట్టం పరిధి దాటిపోయాయి.

నోటిమాటకు విలువేది?

పాత చట్టం స్థానంలో రాష్ట్ర ప్రభుత్వం 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చింది. రాతపూర్వక ఒప్పందమే దానికి పునాది. పెద్దవారిలో ఎందరో నోటిమాటపై ఇల్లు తీసుకుని, రసీదు లేకుండా నెలనెలా అద్దె చెల్లిస్తూ వచ్చినవారే. రిజిస్ట్రేషన్ తప్పించుకునేందుకు రాసుకునే పదకొండు నెలల పత్రాలు దీర్ఘకాలిక భరోసా ఇవ్వవు.

ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక పెనుకొండ పరిసరాల్లో ఇళ్లకు గిరాకీ పెరిగింది. ధర్మవరంలో అద్దె ఇంట్లోనే గుంట మగ్గం వేసుకున్న వృద్ధ నేతన్నకు ఇల్లు పోతే బతుకుతెరువూ పోతుంది. గుంట తవ్వుకోనిచ్చే మరో ఇల్లు దొరకడం తేలిక కాదు.

యజమానుల వాదననూ తోసిపుచ్చలేం. వారిలోనూ అద్దెపైనే బతికే వృద్ధులున్నారు. ఏళ్ల తరబడి పెరగని అద్దెతో ఇంటి మరమ్మతులు సాగవు. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం పోషణ బాధ్యతను సంతానం, వారసులపై పెట్టిందే తప్ప, యజమానికి, అద్దెదారుకు మధ్య తగవులో అక్కరకు రాదు.

చేయాల్సిందేమిటి?

పాత నోటి ఒప్పందాలను కాగితంపైకి తేవడానికి పురపాలక కార్యాలయాల్లో, న్యాయసేవా శిబిరాల్లో సహాయం అందించాలి. ఖాళీ చేయించక తప్పని పరిస్థితుల్లో వృద్ధులకు అదనపు గడువునిచ్చే నిబంధనను ప్రభుత్వం చేర్చాలి. అద్దెదారులు సైతం బ్యాంకు ద్వారానో, రసీదు తీసుకునో అద్దె చెల్లించడం మేలు. రేపు వివాదం తలెత్తితే మూడు దశాబ్దాల నివాసానికి సాక్ష్యం చెప్పేది ఆ చీటీలే.