పండించడం వచ్చు... మరి అమ్మడం?

విత్తనం ఎప్పుడు వేయాలో, ఎరువు ఎంత చల్లాలో, పురుగుకి ఏ మందు కొట్టాలో చెప్పడానికి రైతుకు బోలెడుమంది ఉన్నారు. పంట చేతికొచ్చాక ‘దీన్ని ఇలా అమ్ముకో’ అని చెప్పేవాళ్లే తక్కువ. అందుకే నాలుగు నెలలు కంటికి రెప్పలా కాపాడుకున్న కాపు ధరను, దాన్ని నాలుగు గంటలు కూడా దగ్గర పెట్టుకోని మనిషి నిర్ణయిస్తుంటాడు!

ఈ తిప్పలు తప్పించాలనే 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. అంతకు పన్నెండేళ్ల ముందే, 1987లో పంజాబ్ ‘అప్నీ మండీ’ పేరుతో ఈ దారి తొక్కింది. మనల్ని చూసి తమిళనాడు 1999 నవంబరులోనే మదురైలో ‘ఉళవర్ సంతై’ తెరిచింది. నిజంగా పండించేవాళ్లెవరో అధికారులు చూసి ఫొటోతో గుర్తింపు కార్డివ్వడం, కాటా సమకూర్చడం, టోకు ధరకు కాస్త ఎక్కువగా, చిల్లర ధరకు కాస్త తక్కువగా రేటు కట్టి బోర్డు మీద రాయడం... ఇదీ ఏర్పాటు. విజయవాడలో రైతుబజారుకు సంచి పట్టుకెళ్లిన కుటుంబాలకు దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే చోటు చూపిస్తే సరిపోదు. అక్కడ కూర్చుని అమ్మడమూ ఒక విద్యే.

తిరువూరు చుట్టుపక్కల చిన్నరైతునే తీసుకోండి. విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. అతనికి వంద కిలోల వంకాయలు వచ్చాయనుకుందాం. లారీకెత్తి మార్కెట్‌కు పంపితే, లెక్క కోసం, కిలో 12 రూపాయల చొప్పున 1,200. రవాణాకు 150, కమీషనుకు 100 పోతే మిగిలేది 950. అదే తానే వెళ్లి కిలో 18కి అమ్మితే? పది కిలోలు వాడిపోయి మిగిలిపోతాయి. తొంభై కిలోలకు 1,620. దారిఖర్చు 250, ఒకరోజు కూలి 400 తీసేస్తే... 970! ఇంత తిరిగినందుకు లాభం ఇరవై రూపాయలు. ‘ఈమాత్రం దానికి నేనెందుకు వెళ్లాలి’ అని రైతు అనుకుంటే తప్పు అతనిది కాదు.

ఇక్కడే శిక్షణ పనికొస్తుంది. నలుగురు రైతులు కలిసి ఒకే బండిలో సరుకు వేసి, వంతులవారీగా ఇద్దరు వెళ్తే? ఒక్కొక్కరికి బండి ఖర్చు 150, కూలి 200 పడిందనుకున్నా చేతికి 1,270 మిగులుతుంది. తన కష్టాన్ని కూడా ఖర్చుగా రాసుకోవడం రైతు నేర్వాల్సిన మొదటి పాఠం. కలిసి వెళ్లడం రెండోది.

మూడోది, పొలంలోనే మొదలవుతుంది. ఎకరమంతా ఒకే కూరగాయ వేస్తే ఒకేసారి కాపుకొచ్చి ధర పడిపోతుంది. రెండు మూడు రకాలు, పదిహేను రోజుల తేడాతో కొంచెం కొంచెంగా వేసుకుంటే వారం వారం సరుకు ఉంటుంది. ఎండెక్కకముందే కోయాలి. నీడలో ఉంచాలి. ఆకుకూరల మీద తడి గోనెపట్టా కప్పాలి. పుచ్చులూ మచ్చలూ ముందే ఏరేయాలి. ఒక్క పుచ్చు వంకాయ కనిపిస్తే కొనేవాళ్లు మొత్తం గుట్టనే అనుమానిస్తారు మరి!

తిరువూరంటే మామిడి కూడా. కాయను రాలగొట్టకుండా చిక్కంతో తొడిమ ఉండేలా కోస్తే సొన అంటుకోదు, నల్లమచ్చ పడదు. వరిగడ్డిలో మాగేసిన పండుకు పట్నంలో గిరాకీ ఉంది. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టరీత్యా నిషేధం. ‘మాది గడ్డిలో మాగిన పండు’ అని రైతు ధైర్యంగా చెప్పగలిగితే అదే పెద్ద ప్రచారం.

ఇంత నేర్పినా ఒక ముడి మిగిలే ఉంటుంది. విత్తనాలకూ ఎరువులకూ వ్యాపారి దగ్గర ముందే అప్పు తెచ్చుకున్న రైతు, పంట ఆయనకే వేయాలి. శిక్షణ తరగతి ఆ అప్పు తీర్చదు. కౌలురైతు కష్టం మరొకటి. సాగు తనదే అయినా కాగితం మీద పేరు వేరొకరిది. కాబట్టి పాఠంతోపాటు పెట్టుబడికి బ్యాంకు రుణం, కౌలుదారు చేతిలో ఓ గుర్తింపు ఉండాలి. ఈలోగా కనీసం పది సెంట్ల కూరగాయలైనా అప్పుతో ముడిపెట్టకుండా విడిగా పండించి, నేరుగా అమ్మి చూడటం మంచి ఆరంభం. చేతిలో పడ్డ రోజువారీ డబ్బే మరుసటి పంటకు పెట్టుబడి కావచ్చు.

బేరాల సంగతికొస్తే, ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టండి. ఇంట్లో రోజూ కూర వండే మనిషికి, కొనడానికొచ్చిన మరో ఇల్లాలి మనసు ఇట్టే తెలుస్తుంది. ఏ వంకాయ గుత్తికి బాగుంటుందో, ఏది వేపుడుకో ఆమె చెప్పినంత నమ్మకంగా ఎవరు చెప్పగలరు? కాటా కొనేవాళ్లకు కనిపించేలా పెట్టడం, చిల్లర సిద్ధంగా ఉంచుకోవడం, ఫోన్‌లో డబ్బు పడిందో లేదో చూసుకోవడం ఇంట్లో చదువుకునే పిల్లలు కూడా నేర్పేయగలరు.

ఇక కొనేవాళ్లుగా మన వంతు. బోర్డు మీద రాసిన ధరకే మళ్లీ బేరమాడకుండా, బెండకాయల కొసలు విరిచి చూసి వదిలేయకుండా ఉంటే చాలు. వీలైతే ‘ఏ ఊరు మీది? ఎప్పుడు కోశారు?’ అని అడగండి. నిజంగా పండించినవాళ్లైతే తడుముకోకుండా చెబుతారు. వచ్చే వారం మీకోసం లేత కాయలు పక్కన పెట్టి ఉంచుతారు కూడా.