ఫార్మాటు కొట్టడమే వైద్యమా?

కంప్యూటరు మొరాయించిందంటే చాలు, మన నోట వెంటనే వచ్చే మాట ఒక్కటే - "ఫార్మాటు కొట్టించు". జబ్బేమిటో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. లోపలున్న ఫోటోలు, సర్టిఫికెట్ల కాపీలు, అక్క రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టు తుడిచిపెట్టుకు పోయినా సరే, ఫార్మాటు కొట్టించవలసిందే! ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే గదా. సైన్సు చదివే మనకు ఈ అలవాటు తగదనీ, విడిభాగాలు కొని కూర్చుకున్న కంప్యూటరు విషయంలో అసలే పనికిరాదనీ నా అభిప్రాయం. ఎందుకో మిత్రుల ముందుంచుతాను.

ముందు ఈ "అసెంబుల్డ్" కంప్యూటరు సంగతి చూద్దాం. పేరున్న కంపెనీ తయారుచేసి అమ్మే కంప్యూటరులో ఏ బోర్డుకు ఏ మెమొరీ, ఏ డిస్కు పొసగుతాయో ఆ కంపెనీయే ముందుగా పరీక్షించి చూసుకుంటుంది. మనం సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటికి వెళ్ళి, బోర్డు ఒకరిది, ప్రాసెసరు ఇంకొకరిది, డిస్కు మరొకరిది కొని బిగించుకుంటే ఆ పరీక్ష చేసే బాధ్యత మన నెత్తిన పడుతుంది. దానికి తగ్గ లాభమూ ఉన్నది. డబ్బు కలిసి వస్తుంది. రేపు ఒక భాగం పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. కాని నాగలిని తానే కూర్చుకున్న రైతుకు అది ఎక్కడ వదులైందో కూడా తెలియాలి కదా!

మా ఇంట్లో జరిగినదే చెప్తాను. మాది పొన్నూరు దగ్గర పల్లె, మాగాణి సేద్యం. వడ్లు అమ్మిన డబ్బుతో ఒక కంప్యూటరు కూర్పించాం. విండోస్ ఎక్కించబోతే "డిస్కులేవీ కనిపించడం లేదు" అని చెప్పి ఆగిపోయింది. అమ్మిన షాపులో అడిగితే, "ఎస్.ఎస్.డి. పోయింది, ఇంకోటి కొనండి" అన్నారు. డిస్కు నిజంగా పోయి ఉంటే బయోస్‌లోనూ కనిపించకూడదు గదా? తెరచి చూస్తే అక్కడ పేరుతో, సైజుతో సహా కనిపిస్తూనే ఉన్నది. అంటే డిస్కు బతికే ఉంది. విండోస్ ఎక్కించే ప్రోగ్రాముకే దాన్ని చూసే కన్ను లేదు. ఇంటెల్ 11వ తరం నుంచీ చాలా బోర్డులలో వి.ఎం.డి. అనే ఏర్పాటు ఉంటున్నది. అది పనిచేస్తున్నప్పుడు డిస్కుకూ విండోస్‌కూ నడుమ ఒక డ్రైవరు కావాలి. ఆ డ్రైవరును పెన్‌డ్రైవులో వేసి, "లోడ్ డ్రైవర్" అన్నచోట చూపించగానే డిస్కు ప్రత్యక్షమైంది. ఖర్చు సున్న. షాపువారి మాటే వేదమని నమ్మి ఉంటే కొత్త డిస్కు కొనేవాళ్ళం. దానితోనూ అదే మాట తెరమీద వచ్చేది!

ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. మెట్ట పొలాలలో మిరప వేసే మా మేనమామ రోజూ చేసేదే ఇది. మిరప ఆకు ముడుచుకున్నదనగానే ఆయన మందు డబ్బా పట్టుకోడు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లి పురుగు జాతే కాదు, ఎనిమిది కాళ్ళ సాలీడు జాతిది. తామర పురుగుకు కొట్టే మందు దానిమీద పనిచేయకపోవచ్చు. చూడటానికి రెండూ ముడతలే, వైద్యం మాత్రం వేరు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడినప్పుడు దిక్కుతోచని రైతులు మూడు నాలుగు మందులు కలిపి కొట్టారు. అలా కొడితే పురుగు తగ్గినా ఏ మందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే ఏది దండగో తెలియదు. బయోస్‌లో నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చి, పెన్‌డ్రైవూ మార్చి, ఆపైన ఫార్మాటు కొట్టేవాడి పనీ అంతే.

మన కెమిస్ట్రీ ల్యాబులో లవణ పరీక్ష ఎలా చేస్తాం? ముందు రంగు, వాసన. తరువాత గ్రూపులు వరుసగా. మొదటి గ్రూపు లేదని తేల్చుకోకుండా మూడో గ్రూపుకు దూకితే మాష్టారు ఊరుకుంటారా? కంప్యూటరుకూ అలాంటి వరుస ఉన్నది. స్విచ్చి వేయగానే బోర్డు తన్ను తాను పరీక్షించుకుంటుంది. అక్కడే ఆగిపోతే విండోస్‌ను నిందించి లాభం లేదు. మెమొరీ పలక సరిగా కూర్చున్నదో లేదో, ఒక్క పలకతో నడుస్తుందో లేదో చూడాలి. ఆ దశ దాటితే బయోస్‌లో డిస్కు కనిపించాలి, తేదీ సరిగా ఉండాలి. తేదీ ప్రతిసారీ పాత సంవత్సరానికి పోతుంటే బోర్డుమీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిందన్నమాట. మనం మార్చిన సెట్టింగులు కూడా దానితో పాటే పోతుంటాయి.

ఆ తరువాత పెన్‌డ్రైవు. దింపుకున్న ఫైలు మధ్యలో చెడిపోయిందేమో, తయారుచేసినవారు ఇచ్చిన చెక్‌సమ్‌తో సరిపోల్చుకోవాలి. ఎక్కించడం ప్రతిసారీ ఒకేచోట ఆగితే ఫైలునో డ్రైవరునో అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మెమొరీనో వేడినో అనుమానించాలి. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం రోజు కలిసివస్తుంది.

ఇక తెరమీద వచ్చే మాటలు. "ఈ డిస్కుమీద ఎం.బి.ఆర్. పట్టిక ఉన్నది, జి.పి.టి. కావాలి" అని వస్తుంది. మనవాళ్ళు ఆ మాట పూర్తిగా చదవకుండానే డిస్కంతా తుడిచేస్తారు. ఎం.బి.ఆర్. అనేది 1983 నాటి పద్ధతి. మామూలు డిస్కుమీద సుమారు 2 టెరాబైట్లు దాటి లెక్క పెట్టలేదు. నేటి బోర్డులు యు.ఎఫ్.ఇ.ఐ. పద్ధతిలో లేచినప్పుడు విండోస్ జి.పి.టి.నే అడుగుతుంది. పాత విండోస్ ఉన్న డిస్కును తుడవకుండానే, కొన్ని షరతులకు లోబడి, ఒకదాని నుండి మరొకదానికి మార్చే సాధనం 2017 నుంచీ విండోస్‌లోనే ఉన్నది. ముందుగా ఒక కాపీ తీసిపెట్టుకొని దానిని వాడవచ్చు. ఆ మాట చదివినవాడికి డేటా మిగులుతుంది, చదవనివాడికి ఖాళీ డిస్కు మిగులుతుంది!

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే - విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టి.పి.ఎం. 2.0, సెక్యూర్ బూట్ కావాలి; ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరానికి ముందువి జాబితాలో లేవు. కనుక "ఈ కంప్యూటరు పనికిరాదు" అన్న మాట ఎన్నో ఇళ్ళలో, ఎన్నో కాలేజీలలో తెరమీద కనిపిస్తున్నది. అందులో నిజమెంత? టి.పి.ఎం. చాలా బోర్డులలో ప్రాసెసరుతోనే వస్తుంది. కూర్చిన కంప్యూటర్లలో అది బయోస్‌లో ఆపివేసి ఉండటం మామూలే. అటువంటప్పుడు కావలసింది ఒక్క సెట్టింగు, కొత్త కంప్యూటరు కాదు. నిజంగానే పాతదైతే లైనక్స్ ఉన్నది. మన తెలుగువారే 2005లో "స్వేచ్ఛ" పేరుతో తెలుగులో పలికే ఆపరేటింగ్ సిస్టం తెచ్చారు. సి-డాక్ సంస్థ "బాస్" లైనక్స్ తయారుచేసింది. రాసుకోవడానికి, చదువుకోవడానికి, ప్రోగ్రాములు నేర్చుకోవడానికి ఈ దారి చాలు. ఎరువుల ధరలు చూసి నిట్టూర్చే ఇంటివాడు, పనిచేసే యంత్రాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయడమంటే నాకు మనసొప్పదు.

"ఇది మెకానిక్కుల పని, మనకెందుకు?" అని కొందరు మిత్రులంటారు. నేను షాపులో పనిచేసే కుర్రవాడిని తప్పుపట్టడం లేదు. రోజుకు పది కంప్యూటర్లు తేల్చవలసినవాడికి జబ్బు వెతికే తీరిక ఎక్కడిది? తుడిచి మళ్ళీ ఎక్కించడం వాడికి దగ్గర దారి. కాని పోయేది మన డేటా. నిజంగా పాడైన భాగాలూ ఉంటాయి, అప్పుడు మార్చక తప్పదు. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. తీగ పీకేసినా అందులోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. నేను చెప్పేది అన్నీ మనమే బాగుచేసుకోవాలని కాదు. మార్చేముందు, తుడిచేముందు జబ్బు పేరు తెలుసుకోవాలని.

దీనికి మన విద్యార్థి సంఘం ఒక చిన్న పని చేయవచ్చు. ల్యాబులలో మనం ముట్టుకొనే కంప్యూటర్లన్నీ ఎవరో సిద్ధం చేసి పెట్టినవే. మూలపడేసిన పాత కంప్యూటర్లలో రెండు మూడింటిని సంఘం తరపున అడిగి తీసుకుందాం. విప్పుదాం, బిగిద్దాం, ఆపరేటింగ్ సిస్టం ఎక్కిద్దాం, చెడితే మళ్ళీ ఎక్కిద్దాం. పక్కనే ఒక నోటుబుక్కు పెడదాం. తెరమీద వచ్చిన మాట ఉన్నదున్నట్లు, తరువాత మార్చిన ఒకే ఒక్క విషయం, దాని ఫలితం - ఈ మూడూ ప్రతివాడూ అందులో రాయాలి. ఒక సంవత్సరం గడిచేసరికి మన తరువాత వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఏ బజారులోనూ దొరకని పుస్తకం తయారవుతుంది.

ప్రశ్న వేయడం, ఒకదాని తరువాత ఒకటి తేల్చుకోవడం, కనిపించింది రాసిపెట్టుకోవడం - సైన్సు అంటే ఇంతే గదా! అది రికార్డు పుస్తకంలో మార్కుల కోసం ఒకటి, ఇంట్లో యంత్రం ఆగినప్పుడు ఇంకొకటి కాకూడదు. కాబట్టి మిత్రులారా, ఈసారి కంప్యూటరు ఆగిపోతే తెరమీది మాటను చివరిదాకా చదవండి. ఫార్మాటు ఎక్కడికీ పారిపోదు, పోయిన డేటాయే తిరిగి రాదు.