ఒక్క తడి లెక్క

ఆగస్టు నెలాఖరులో రాయదుర్గం దాటి కణేకల్ మండలంలోకి వెళ్తే ఒకే పూటలో మూడు వేర్వేరు సీమలు కనిపిస్తాయి. తుంగభద్ర ఎగువ కాలువ తూముల కింద వరినాట్లు పచ్చగా నిలదొక్కుకుంటూ ఉంటాయి. గట్టు దాటి మెరకకు పోతే, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేయడంతో పట్టపగలే ఆకు ముడుచుకున్న శనక్కాయ చేలు. ఇంకా ముందుకు, వేదవతి ఒడ్డుకు పోతే ఇసుక. హగరి అని కూడా పిలిచే ఆ ఏటి గర్భం నుంచి పడమటి గాలి లేపుకొచ్చిన ఇసుక, ఒకప్పటి చేల మీద దిబ్బలు కట్టి ఉంటుంది. పక్కనున్న బొమ్మనహాళ్ మండలంలోనూ ఇదే దృశ్యం.

ఈ మూడింటి మీదా కురిసే వాన ఒక్కటే. నైరుతి మేఘం పడమటి కనుమల్లో ఖాళీ అయ్యాక మిగిలిందీ, ఈశాన్యం తూర్పు తీరంలో కురిసిపోయాక మిగిలిందీ ఇక్కడికి చేరుతుంది. అనంతపురం జిల్లా ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వానను బట్టి పంట, పంటను బట్టి తిండి అని బడిలో భూగోళం పాఠం చెప్పారు. కణేకల్‌లో ఆ పాఠం సగమే నిజం. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ గింజకు మద్దతు ధర ఇవ్వాలి, రేషన్ దుకాణంలో ఏం పోయాలి అన్న నిర్ణయాలే ఇక్కడి పొలాల రంగు మారుస్తున్నాయి. ఈ నిర్ణయాలన్నిటిలో నీటిదే పెద్ద లెక్క, ఆ లెక్క తప్పుగా వేసుకుంటున్నామన్నదే నా బాధ. కరువు నేలకు వచ్చే కాలువ నీటి విలువను, అది ఎన్ని ఎకరాల మెట్ట పంటను ఎండిపోకుండా ఆపిందన్న దాంతో కొలవాలి.

జర్మనీలో సొంత ఎస్టేట్‌లో సేద్యం చేయించిన ఫాన్ ట్యూనెన్ 1826లో ఒక పుస్తకం ప్రచురించాడు. పట్టణం చుట్టూ వలయాలు గీసినట్టు పంటలు అమరుతాయని ఆయన సిద్ధాంతం. పాలు, కూరగాయలు సంతకు దగ్గర, తర్వాత వంటచెరకు, ఆపైన ధాన్యం, అన్నిటికన్నా దూరంగా పశువుల మేత. మానవ భూగోళ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈ బొమ్మ తెలుసు. కణేకల్‌లోనూ వలయాలున్నాయి, అయితే వాటి నడిబొడ్డున ఉన్నది సంత కాదు, కాలువ. తూముకు దగ్గర వరి. పిల్ల కాలువ చివర, మోటారు పైపు అందే మేర మిర్చి, పత్తి. అది దాటితే నల్లరేగడిలో పప్పుశనగ, ఎర్రనేలలో శనక్కాయ. ఆ పైన గొర్రెల మందలు. ట్యూనెన్ రైతు సంతకు ఎంత దూరమైనా బండి కట్టుకుని పోగలడు. కాలువకు అవతల ఉన్న రైతుకు ఆ దారి లేదు.

తుంగభద్ర జలాశయంలో 1953లో నీరు నిలిపారు. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా బళ్లారి జిల్లాలో ఉన్న రాయదుర్గం తాలూకా ఇటు వచ్చింది, దాంతోపాటే కణేకల్ కూడా. ఊరి పేరులోని కల్, చుట్టుపక్కల ఊళ్ల పేర్ల చివరి హళ్ళి, హాళ్ కన్నడ వాసన ఇంకా పోగొట్టుకోలేదు. సరిహద్దు గీత ఊళ్ల మధ్య పడింది గానీ నీరు మాత్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి సొత్తుగా మిగిలింది. బచావత్ ట్రిబ్యునల్ ఎగువ కాలువలో ఆంధ్రకు 32.5 టీఎంసీలు కేటాయించింది. కాగితం మీద ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. జలాశయం మాత్రం అలా లేదు. 133 టీఎంసీలు పట్టే చెరువు పూడిక చేరి, 2016 సర్వే నాటికి 105.78 టీఎంసీలకు తగ్గింది. తగ్గిన మేర దామాషా ప్రకారం అందరి వాటా తగ్గుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అనంతపురం, కర్నూలు, బళ్లారి, రాయచూరు రైతులు ఒకే భయంతో నిద్రపోలేదు. కన్నయ్య నాయుడు వంటి గేట్ల నిపుణుడు దగ్గరుండి పారే నీటిలోనే స్టాప్‌లాగ్ దించి వరదను ఆపడం ఆ ఏడాది మన అదృష్టం. ఆ వారం రోజుల భయం చెప్పిందేమిటంటే, మెట్ట జిల్లా ఒకటి డెబ్బై ఏళ్ల నాటి ఇనుప గొలుసు మీద ఆధారపడి బతుకుతూ వచ్చింది.

ఇక లెక్కకు వద్దాం. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. వరికి నాటు నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం, ఈ ఎండకు అది ఎక్కువేమీ కాదు. ఎకరాకు దాదాపు 4,850 ఘనపు మీటర్లు. పొలం గట్టు దాకా చుక్క వృథా కాకుండా చేరినా ఒక టీఎంసీతో 5,800 ఎకరాల వరి పండుతుంది. అదే టీఎంసీని మెట్ట పంటకు ఒక తడిగా ఇస్తే? 50 మిల్లీమీటర్ల తడికి, అంటే రెండంగుళాల వానతో సమానమైన తడికి, ఎకరాకు 202 ఘనపు మీటర్లు చాలు. లక్షా 40 వేల ఎకరాలు తడుస్తాయి. ఎత్తిపోతలో, పైపుల్లో, కుంటల్లో సగం పోయిందనుకున్నా 70 వేల ఎకరాలు.

శనక్కాయ సేద్యం చేసిన వాళ్లకు ఈ ఒక్క తడి విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. మృగశిరలోనో ఆరుద్రలోనో పదును చూసి గొర్రు కడతారు. చేను బాగానే పుంజుకుంటుంది, పూత వస్తుంది. ఊడలు నేలలోకి దిగాల్సిన పది పదిహేను రోజుల్లో బెట్ట వస్తే నేల గట్టిపడుతుంది, ఊడ దిగదు. దిగినా కాయ ఊరదు. ఆ తర్వాత ఎంత పెద్ద వాన పడినా ఆకు పచ్చబడుతుందే గానీ కాయ రాదు. కట్టె పశువులకు మిగులుతుంది, అప్పు ఇంటికి మిగులుతుంది. ఏడాది వర్షపాతం సగటు దాటినట్టు రికార్డులో నమోదై, పంట మాత్రం పోయిన సంవత్సరాలు ఈ జిల్లాకు కొత్త కాదు. 2016 ఆగస్టులో ప్రభుత్వం రెయిన్‌గన్లతో శనక్కాయను కాపాడటానికి పరుగులు తీసింది గుర్తుందా? ఆలోచన సరైనదే. అయితే పంట ఎండుతున్నప్పుడు యంత్రం తేవడం సులువు, నీరు తేవడం కష్టం. కుంటలో నీరు ఉండాలంటే అది జూలైలోనే, నది పొంగినప్పుడే, కాలువ నుంచి అక్కడికి చేరి ఉండాలి.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. ఇదే హగరి ఒడ్డున, బళ్లారి వైపున, 1906లో ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రం పెట్టారు. 1930లలో దేశమంతటా మెట్ట సేద్యం పరిశోధనకు ఎంచుకున్న ఐదు చోట్లలో, షోలాపూర్, బీజాపూర్, రాయచూరు, రోహతక్‌లతో పాటు హగరి ఒకటి. వాలుకు అడ్డంగా గట్లు వేసి వాన నీటిని ఎక్కడికక్కడ ఇంకించడం, సాళ్ల మధ్య ఎడం పెంచి ఒక్కో మొక్కకు దక్కే తేమను పెంచడం వంటివి అక్కడ నేర్చిన పాఠాలే. నీరు తక్కువైన చోట దాన్ని పలచగా, విశాలంగా పరచాలన్న ఆ బుద్ధి, కాలువ వచ్చాక మరుగున పడింది.

వరి రైతును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తూము కింద పల్లపు రేగడిలో ఖరీఫ్‌లో నీరు నిలుస్తుంది, అక్కడ శనక్కాయ కుళ్లిపోతుంది. పైగా వరికి మద్దతు ధర ఉంది, కొనే కేంద్రం ఉంది, మిల్లు ఉంది, పండించిన గింజ అమ్ముడుపోతుందన్న ధైర్యం ఉంది. ఆ ధైర్యం మరే పంటకు ఇచ్చాం? కాలువ ఊటతో చుట్టుపక్కల బోర్లు బతుకుతున్న మాటా నిజమే. అయితే ఎగువన తూము దగ్గర అవసరానికి మించి పారించిన నీటితో నేల చౌడుగా మారుతోంది, చివరి ఆయకట్టుకు వంతు వచ్చేసరికి కాలువ కట్టేసే రోజు వస్తోంది. పల్లంలో వరి ఉండనీయండి. ఆరుతడి పంటలకే అనువైన చోట కూడా వరి ఎందుకు పాకింది అన్నదే ప్రశ్న.

దానికి జవాబు కంచంలో ఉంది. రెండు తరాల కింద ఈ ప్రాంతంలో రోజువారీ తిండి జొన్న రొట్టె, కొర్రన్నం, రాగి సంగటి. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలిని తరిమిన ఆ పథకం గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు, కరువు పనులకు పోయిన ఇళ్లకు అది ప్రాణం పోసింది. దాని నీడలోనే మరొకటి జరిగింది. తిండికి పంట పండించుకోవాల్సిన అవసరం పోయాక మెట్ట చేను పూర్తిగా డబ్బు పంటకు మళ్లింది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ ఆ మళ్లింపును వేగం చేసింది. జొన్న, కొర్ర, సజ్జల మధ్య కంది, అలసంద, ఆముదం సాళ్లు పెట్టే పద్ధతి చెదిరిపోయి, కనుచూపు మేర శనక్కాయ ఒక్కటే మిగిలింది. సరిహద్దుకు అవతలి కన్నడ రైతులు ఆ మిశ్రమ సాళ్లను ‘అక్కడి సాలు’ అంటారు, వాటిలో ఒక పంట పోతే మరొకటి ఇంటికి చేరేది.

ఒక్క పంట మీద ఆధారపడ్డ జిల్లాకు దెబ్బ రెండు వైపుల నుంచి తగిలింది. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. మలేషియా, ఇండోనేషియా తోటల ధర వచ్చి ఇక్కడి శనక్కాయ ధరతో తలపడింది. 2000లో కాండం కుళ్లు వైరస్ జిల్లాలో 2.25 లక్షల హెక్టార్లలో పంటను దెబ్బతీసి 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం మిగిల్చింది. ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చింది గట్ల మీద విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ. రకరకాల పంటలున్న చేలలో అంత వేగంగా పాకే తెగులు కాదది.

ఒంటి పంట చేసిన మరో కీడు గాలికి తెలుసు. వేసవి దుక్కి అయ్యాక, వాన కోసం ఎదురుచూస్తూ ఎర్రనేల ఖాళీగా పడి ఉండేది సరిగ్గా పడమటి గాలి ఉధృతంగా వీచే నెలల్లోనే. వేదవతి మీద ఎగువన 1907 నాటికే మారి కణివె దగ్గర వాణీవిలాస సాగరం వచ్చింది, తర్వాత మన వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. వాణీవిలాస సాగరం 1933 తర్వాత మళ్లీ పొంగి పొర్లింది 2022లోనే అంటే కింద ఏరు ఎన్నేళ్లు ఎండి ఉందో ఊహించుకోవచ్చు. ఎండిన ఏటి ఇసుకకు, కప్పులేని చేలకు మధ్య గాలికి అడ్డేముంది? హనుమంతరావు కమిటీ 1994లో సిఫారసు చేశాక ఎడారి అభివృద్ధి పథకంలో ఆంధ్రప్రదేశ్ నుంచి చేరిన జిల్లా అనంతపురం ఒక్కటే. రాజస్థాన్ జిల్లాల సరసన మన జిల్లా పేరు చూసి గుండె కలుక్కుమంటుంది. వాన కన్నా ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పే పద్ధతిని రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో భాగంగా ప్రోత్సహిస్తోంది. ఇసుక మేటల అంచు ఊళ్లలో దాన్ని నేల రక్షణగానే చూసి, అన్నిటికన్నా ముందు అక్కడే అమలు చేయాలి.

చిరుధాన్యాల సంవత్సరం అంటూ 2023లో ఎన్నో వేదికలు ఎక్కాం. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. అండుకొర్ర మాట సరే సరి. ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్‌లో రాగిని మద్దతు ధరకు కొని రేషన్‌లో పంచారు. పండించే చేను, కొనే కేంద్రం, తినే కంచం ఒకే జిల్లాలో కలిశాయి. 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాన్ని కిలో రూపాయికి ఇవ్వవచ్చని ఎప్పుడో చెప్పింది. రాయదుర్గం సీమలో పండిన కొర్ర, జొన్నలను కణేకల్ అంగన్‌వాడీలో, హాస్టల్‌లో, రేషన్ దుకాణంలో ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. కొనే వాడున్నాడని తెలిస్తే తూము దగ్గరి రైతు కూడా ఒక కారు వరి మానడానికి వెనుకాడడు.

మిగిలింది నీటిని పంచే బల్ల. సాగునీటి సలహా మండలి సమావేశంలో ఏటా ఎన్ని టీఎంసీలు వస్తాయి, ఏ తేదీన వదలాలి, ఆయకట్టు ఎంత అన్న చర్చ నడుస్తుంది. ఎన్ని వేల ఎకరాల మెట్టకు ఒక తడి ఇవ్వగలం అన్న అంశాన్నీ అక్కడ చర్చకు పెట్టాలి. జూలైలో వరద ఉన్నప్పుడు కాలువ నుంచి మెట్ట గ్రామాల కుంటలు నింపడానికి ఒక వాటా, ఒక టీఎంసీయే కానివ్వండి, విడిగా రాసిపెట్టాలి. పైపులకు, మోటార్లకు ఖర్చవుతుంది, నిజమే. పంట పోయాక ఇన్‌పుట్ సబ్సిడీకి, బీమాకు, కరువు పనులకు అయ్యే ఖర్చుతో పోల్చి చూస్తే అది ఎంత? సూక్ష్మసేద్యంలో 2003 నుంచి అనుభవమున్న జిల్లా ఇది, డ్రిప్పు, స్ప్రింక్లర్లు ఇక్కడి రైతుకు కొత్త కావు.

ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్నదే అసలు చిక్కు. 1997 చట్టం నీటి సంఘాలను రైతుల చేతికిచ్చింది, అది పెద్ద అడుగే. కానీ సంఘంలో సభ్యుడు కావాలంటే ఆయకట్టులో భూమి ఉండాలి. కాలువ గట్టుకు ఇవతలి రైతుకు ఓటుంది. అవతల, అదే నీటిని కళ్లారా చూస్తూ శనక్కాయ చేను ఎండబెట్టుకుంటున్న రైతుకు లేదు.