కాలేజీ గ్రౌండ్‌లో మళ్లీ కూత.. ఇప్పుడే టోర్నమెంట్లు పెట్టొచ్చా? సూర్యాపేట ఏం చెబుతోంది?

2021 సెప్టెంబర్ మధ్య నాటికి కాలేజీలు తెరిచి రెండు వారాలైంది. ఆ సెప్టెంబర్ 1 నుంచి క్లాసులు నడిచాయి. మిర్యాలగూడలో, కోదాడలో, సూర్యాపేటలో పొద్దున్నే గ్రౌండ్లలో మళ్లీ కుర్రాళ్లు కనిపించారు. వాట్సాప్ గ్రూపుల్లో 'మ్యాచ్ ఎప్పుడు పెడదాం' అన్న మెసేజ్‌లు మొదలయ్యాయి. పీడీ సార్లకు ఫోన్లు వెళ్లాయి. వాళ్లు ప్రిన్సిపాల్‌ను అడగాలన్నారు. ప్రిన్సిపాల్ పైనుంచి ఆర్డర్ రావాలన్నారు.

ఇంతకీ ఆడొచ్చా, ఆడకూడదా? చాలామంది దీన్ని అవును, కాదు ప్రశ్నలా చూశారు. కానీ అసలు విషయం వేరే. ఏ ఆట, ఎవరు ఆడుతున్నారు, ఎంతమంది చూస్తున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు.. లెక్క మొత్తం వీటి మీదే ఉంది.

2021 మార్చి నాటి సూర్యాపేట గుర్తుందా?

2021 మార్చి 22. సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల మొదటి రోజు. దేశం నలుమూలల నుంచి జట్లు వచ్చాయి. సాయంత్రం జనం కిక్కిరిసిన గ్యాలరీ ఒక్కసారిగా కూలింది. వంద మంది దాకా గాయపడ్డారు. ఆ వీడియో మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు.

ఆ మర్నాడే, అంటే మార్చి 23న, విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి అసెంబ్లీలో ఒక ప్రకటన చేశారు. కరోనా కేసులు పెరుగుతున్నాయి కాబట్టి 24 నుంచి మెడికల్ కాలేజీలు తప్ప రాష్ట్రంలో విద్యాసంస్థలన్నీ మూసేస్తున్నామని. క్లాస్‌రూమ్‌లో నలభై మంది కూర్చుంటే ప్రమాదం అని ప్రభుత్వం తేల్చిన వారంలోనే, జిల్లా కేంద్రంలో వేల మంది భుజం భుజం ఆనించుకుని కబడ్డీ చూశారన్నమాట.

గ్యాలరీ కూలడం గురించే అప్పుడు అందరూ మాట్లాడారు. అది సహజమే, కాళ్లు చేతులు విరిగిన చోట కరోనా ఎవరికి గుర్తుంటుంది? కానీ ఆ రెండింటికీ సంబంధం ఉంది. గ్యాలరీ ఎక్కేవాళ్లను లెక్కపెట్టి ఆపే మనిషి లేని చోట, మాస్కు చూసేదెవరు, టెంపరేచర్ చూసేదెవరు? టోర్నమెంట్ పెట్టేవాళ్లు కాగితం మీద రాసే 'కోవిడ్ నిబంధనలు పాటిస్తాం' అన్న లైన్ విలువ ఎంతో అక్కడే తెలిసిపోయింది.

ఇంకో లెక్క చూడండి. ఆ వారంలో రాష్ట్రంలో రోజుకు వస్తున్న కేసులు నాలుగు వందల చుట్టూ ఉన్నాయి. 'తక్కువే కదా' అన్నారు. సరిగ్గా నెల తర్వాత, ఏప్రిల్ చివరికి, అవి పది వేలు దాటాయి. 2021 సెప్టెంబర్‌లో రోజువారీ కేసులు మూడు వందల అటూ ఇటూ ఉండేవి. అప్పుడూ అదే మాట వినిపించింది, తక్కువే కదా అని.

అలాగని మార్చి, సెప్టెంబర్ ఒకటే అనడం కూడా తప్పు. మధ్యలో సెకండ్ వేవ్ ఇంటింటినీ తాకి వెళ్లింది. జూన్, జూలైల్లో ఐసీఎంఆర్ చేసిన నాలుగో సీరో సర్వేలో దేశంలో ఆరేళ్లు పైబడిన వాళ్లలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 61.6 శాతం. పైగా టీకా వచ్చింది. కాబట్టి మార్చిలో ఉన్నంత నిస్సహాయంగా సెప్టెంబర్‌లో లేం. కానీ మిగిలిన ఆ మూడో వంతు జనం ఎక్కడ ఉన్నారో అప్పుడు ఎవరికీ తెలియలేదు. మీ జట్టులో ఏడుగురుంటే అందులో ఇద్దరో ముగ్గురో వాళ్లే అయ్యుండొచ్చు.

కబడ్డీకే ఎందుకింత భయం?

ఎందుకంటే ఈ ఆటలో మాట్లాడకుండా ఆడటం కుదరదు. కూతకు వెళ్లినవాడు 'కబడ్డీ కబడ్డీ' అంటూ అంపైర్‌కు వినబడేలా పలకాలి. ముప్పై సెకన్ల రెయిడ్. ఎదురుగా ఏడుగురు. పట్టు పడితే నలుగురైదుగురు ఒకరి మీద ఒకరు పడతారు, మొహానికి మొహం జానెడు దూరం కూడా ఉండదు. గట్టిగా పలికినప్పుడు, రొప్పినప్పుడు నోటి నుంచి తుంపర్లు మామూలుగా మాట్లాడినప్పటి కంటే ఎక్కువ వస్తాయి. వైరస్‌కు ఇంతకంటే అనుకూలమైన ఆట ఇంకోటి దొరకదేమో!

మాస్కు పెట్టుకుని కూత పెట్టమని ఎవరూ చెప్పలేరు, ఊపిరి ఆడదు. బ్యాడ్మింటన్, పరుగు పందెం, వాలీబాల్ అలా కాదు. వాలీబాల్‌లో మధ్యలో నెట్ ఉంటుంది, ఆరుబయట గాలి ఉంటుంది. అందుకే 'ఆటలు' అని ఒకే గాటన కట్టి అనుమతి ఇవ్వడం, ఒకే గాటన కట్టి ఆపేయడం రెండూ తెలివైన పని కాదనిపిస్తుంది.

అప్పట్లో పెద్ద లీగ్ కూడా జాగ్రత్తగానే ఉంది. ప్రో కబడ్డీ 2020లో అసలు జరగలేదు. 2021 ఆగస్టు 29 నుంచి 31 వరకు ఎనిమిదో సీజన్ వేలం మాత్రం అయింది. పర్దీప్ నర్వాల్‌కు యూపీ యోధా కోటీ 65 లక్షలు పెట్టింది. మన తెలుగు టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌ను కోటీ 30 లక్షలకు ఉంచుకుంది. ఈ అంకెలు చూసే మన కుర్రాళ్ల కాళ్లు ఆగలేదు. వాళ్లను తప్పుపట్టలేం.

అమెరికా కాలేజీలు ఇదే ప్రశ్నతో కుస్తీ పట్టాయి

2020లో ఇదే టైమ్‌కు అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడించాలా వద్దా అని పెద్ద రచ్చ జరిగింది. అది మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, ఎదుటివాడు మీదపడి కింద పడేయడం. ఒకరకంగా చూస్తే మన కబడ్డీ పట్టుకు దగ్గర చుట్టమే. కొన్ని కాలేజీ స్టేడియాల్లో లక్ష మంది కూర్చుంటారు.

2020 ఆగస్టు 11న బిగ్ టెన్ అనే పెద్ద కాలేజీ లీగ్ ఆటలు వాయిదా వేసింది. ఆటగాళ్లే ఎదురు తిరిగారు. 'మేం ఆడతాం' అని ట్విట్టర్‌లో ఉద్యమం నడిపారు. క్లెమ్సన్ స్టార్ ట్రెవర్ లారెన్స్ వాదన ఏంటంటే, జట్టుతో ఉంటే రోజూ టెస్టులు, డాక్టర్లు ఉంటారు, ఇంటికి పంపిస్తే అవేమీ ఉండవు, కాబట్టి ఆడటమే సేఫ్ అని. వినడానికి బాగానే ఉంది. అక్టోబర్ చివర్లో ఆయనకే పాజిటివ్ వచ్చి రెండు మ్యాచ్‌లు కూర్చోవాల్సి వచ్చింది!

బిగ్ టెన్ సెప్టెంబర్ 16న మనసు మార్చుకుంది. కానీ ఊరికే మార్చుకోలేదు. రోజూ యాంటీజెన్ టెస్టు. పాజిటివ్ వచ్చినవాడు 21 రోజుల దాకా మ్యాచ్ ఆడకూడదు, గుండె పరీక్షలన్నీ అయ్యాకే రావాలి. ఇంత చేసినా ఆ సీజన్‌లో అమెరికా మొత్తం మీద వందకు పైగా కాలేజీ మ్యాచ్‌లు రద్దో వాయిదానో అయ్యాయి.

గుండె పరీక్ష ఎందుకంటే.. కరోనా వచ్చి తగ్గాక కొందరిలో గుండె కండరం వాస్తుంది. దీన్ని మయోకార్డైటిస్ అంటారు. ఆ వాపు ఉండగా గట్టిగా పరిగెత్తితే గుండె లయ తప్పి ఆటగాడు అక్కడికక్కడే కుప్పకూలే ప్రమాదం ఉంది. మొదట్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 26 మంది ఆటగాళ్లను స్కాన్ చేస్తే నలుగురిలో ఆ లక్షణాలు కనిపించాయి. 15 శాతం! అందరూ హడలిపోయారు. తర్వాత బిగ్ టెన్ కాలేజీల్లో 1,597 మందిని చూస్తే 37 మందిలో, అంటే 2.3 శాతం మందిలో బయటపడింది. భయపడినంత లేదు, అలాగని సున్నా కూడా కాదు. అసలు గమనించాల్సింది వేరే ఉంది. ఆ 37 మందిలో 28 మందికి గుండెకు సంబంధించిన ఇబ్బంది ఏదీ తెలియలేదు. ఎంఆర్ఐ తీయబట్టి దొరికింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మనకు రోజూ టెస్టు ఎవరు చేస్తారు? డిగ్రీ కుర్రాడు పాజిటివ్ వచ్చి తగ్గాక గుండెకు ఎంఆర్ఐ అంటే ఇంట్లో వాళ్లు హైదరాబాద్ ప్రయాణం, వేల రూపాయల ఖర్చు గురించే ఆలోచిస్తారు. సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, మిర్యాలగూడలో ఏరియా ఆస్పత్రి ఉంది. ఈసీజీ తీయించుకోవడం పెద్ద పనేం కాదు. ఈసీజీ బాగుంటే అంతా బాగున్నట్టే అని కాదు కానీ, ఏమీ చూసుకోకుండా బరిలోకి దిగడం కంటే నయం. 2021 నాటి సలహా ప్రకారం కరోనా వచ్చినవాళ్లు కనీసం పది రోజులు పూర్తిగా రెస్ట్ తీసుకుని, తర్వాత నడక, ఆపై మెల్లగా పరుగు, అలా పెంచుకుంటూ రావాలి. ఛాతీలో నొప్పి, దడ, మెట్లెక్కితే ఆయాసం ఉంటే డాక్టర్ చూసేదాకా ఆట జోలికి వెళ్లొద్దు. గుండె వాపు అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆట ఆపాల్సిందే.

గ్రౌండ్ కంటే గది డేంజర్

అమెరికా ప్రో ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 2020 సీజన్‌లో తమ ఆటగాళ్ల మీద నిఘా పెట్టి చూస్తే, మ్యాచ్ ఆడుతుండగా కంటే కలిసి తినేటప్పుడు, ఒకే బండిలో వెళ్లేటప్పుడు, మూసిన గదుల్లో మీటింగులప్పుడే ఎక్కువ రిస్క్ అని తేలింది. మన టోర్నమెంట్ ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పన్నెండు మంది ఒకే తుఫాన్ బండిలో. రాత్రికి ఏ స్కూల్ గదిలోనో ఫంక్షన్ హాల్‌లోనో వరసగా చాపలు. ఒకే వాటర్ బాటిల్ పదిమంది నోటికి. మ్యాచ్ గంటలోపే అయిపోతుంది, ఇవన్నీ మూడు రోజులు సాగుతాయి.

గురుకులాలు, హాస్టళ్ల విషయంలో హైకోర్టు 2021 ఆగస్టు 31న బ్రేక్ వేసింది కూడా ఇందుకే. పిల్లలు కలిసి పడుకునే చోటును కోర్టు వేరేగా చూసింది. టోర్నమెంట్ కూడా మూడు రోజుల హాస్టలే కదా?

బయో బబుల్ కట్టిన ఐపీఎల్‌కే దిక్కులేకపోయింది. 2021 మే 4న మన సన్‌రైజర్స్ అప్పటి ఆటగాడు సాహాకు పాజిటివ్ రాగానే సీజన్ మధ్యలో ఆపేశారు. మిగతా మ్యాచ్‌లు ఆ ఏడాది సెప్టెంబర్‌లో దుబాయ్‌లో మొదలయ్యాయి. అదే నెలలో మాంచెస్టర్ టెస్టు, టాస్‌కు ముందే రద్దయింది. కోట్లు పోసినవాళ్ల పరిస్థితే అది.

మరి ఆపేస్తే నష్టం లేదా?

ఉంది, చాలా ఉంది. ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక. జూనియర్ విభాగానికి వయసు పరిమితి ఉంటుంది. ఒక సీజన్ పోతే ఆ కుర్రాడికి మళ్లీ రాదు. స్పోర్ట్స్ కోటాలో సీటు, పోలీస్ ఉద్యోగం.. వీటికి ఒక సర్టిఫికెట్ ఎంత పని చేస్తుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. పట్నం పిల్లాడికి ఆట సరదా కావచ్చు, రైస్‌మిల్లులో హమాలీ పని చేసే నాన్న ఉన్న పిల్లాడికి అదే దారి. అప్పటికి ఏడాదిన్నరగా ఎక్కువ రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్న ఒంటికి కదలిక అవసరం కూడా. (అన్నట్టు, ఇంత గ్యాప్ తర్వాత ఒక్కసారిగా ఫుల్ మ్యాచ్ ఆడితే మోకాళ్లు, కండరాలు పట్టేయడం ఖాయం. దీని గురించి అప్పుడు ఎవరూ మాట్లాడలేదు.)

ఇంకో వైపు ఇంట్లో ఉన్న నానమ్మ, తాతయ్య. ఇరవై ఏళ్ల ఆటగాడికి రెండు రోజుల జ్వరంతో పోవచ్చు, వాళ్లకు పోదు. 2021 మే నెలలో కోదాడ దగ్గర రామాపురం చెక్‌పోస్టులో ఆంధ్రా అంబులెన్స్‌లను ఆపేసిన రోజులు మర్చిపోలేనివి. హైదరాబాద్‌లో బెడ్ కోసం మనిషి ఊపిరి బిగపట్టుకుని హైవే మీద ఎదురుచూశాడు. చివరికి హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఎనభైకి పైగా కేసులతో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల వీధులు ఎలా మూతపడ్డాయో అక్కడి వాళ్లను అడిగితే చెబుతారు.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అప్పుడు అనిపించింది ఇది. ప్రాక్టీస్ ఆపొద్దు. ఆరుబయట, చిన్న గుంపులుగా, ఎవరి బాటిల్ వాళ్లదిగా సాగనివ్వాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరే ఊరి దగ్గరి మ్యాచ్‌లు పర్వాలేదు, జనం లేకుండా. చూడాలనుకునేవాళ్లకు ఫోన్ లైవ్ ఉండనే ఉంది, టోక్యో ఒలింపిక్స్‌లో సింధు కాంస్యం గెలిచిన రోజు కూడా గ్యాలరీలు ఖాళీయే. రాత్రి బస ఉండే పెద్ద కబడ్డీ టోర్నమెంట్లకు మాత్రం అప్పట్లో అనుమతి ఇవ్వకూడదు. ఇచ్చేటప్పుడు కూడా రెండు డోసుల సర్టిఫికెట్ చూపించిన ఆటగాడికే ఎంట్రీ అనాలి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఈ మాట అప్పుడే చెప్పేస్తే కాలేజీల్లో టీకా వేగం దానంతటదే పెరిగేది. పిల్లల్ని టీకాకు ఒప్పించడానికి పోస్టర్ల కంటే జట్టులో చోటు బాగా పనిచేస్తుంది.

ఇంటర్ పిల్లల సంగతే అప్పుడు ఎటూ తేలలేదు. 2021 సెప్టెంబర్ నాటికి పద్దెనిమిది నిండని వాళ్లకు ఇంకా టీకా మొదలు కాలేదు. 12 ఏళ్లు దాటిన వాళ్ల కోసం జైకోవ్-డికి 2021 ఆగస్టు 20న అనుమతి వచ్చింది కానీ అప్పటికి సెంటర్లకు చేరలేదు. ఒకే గ్రౌండ్‌లో డిగ్రీ అన్నయ్యతో కలిసి ఇంటర్ తమ్ముడు కూత పెట్టేవాడు, ఒకరికి టీకా ఉండేది, ఒకరికి ఉండేది కాదు. వాళ్ల వరకు అది వచ్చేదాకా టోర్నమెంట్ పేరెత్తకపోవడమే మంచిదనిపించింది.

డిగ్రీ వాళ్లకు మాత్రం క్యాలెండర్ లెక్క ఇలా ఉండేది. 2021 సెప్టెంబర్‌లో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధి 84 రోజులుగా ఉండేది. ఆ నెల 15న మొదటి డోసు వేయించుకున్నవాళ్లకు రెండోది డిసెంబర్ 8న. దాని మీద రెండు వారాలు కలిపితే 22వ తేదీ. సంక్రాంతి టోర్నమెంట్లకు అప్పటికి మూడు వారాలకు పైగా టైమ్ ఉండేది.